త్సుకునె: కుదిరేది బొగ్గుల మీదా, గిన్నెలోనా?

జపాన్‌లో యాకితోరి దుకాణానికి వెళ్తే కోడిలో ఒక్కో భాగమూ విడివిడిగా పుల్లకు గుచ్చి కాల్చి పెడతారు. తొడ, రొమ్ము, చర్మం, కాలేయం, కందనకాయ, మెడ, ఏదీ వదలరు. వాటన్నిటిలో వంటవాడి చేతిపని ఎక్కువ పట్టేది త్సుకునెకు. మిగతావి కోసి గుచ్చితే సరిపోతుంది. దీనికి మాంసాన్ని కైమా కొట్టాలి, పిసకాలి, ఉండలుగానో కోలగానో చేసి పుల్లకు పట్టించాలి, అది జారిపోకుండా కాల్చాలి. రుచికి పైన ఉప్పు చల్లుతారు, లేదా తారె పూస్తారు. సోయా సాస్, సాకే అనే బియ్యపు మద్యం, మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం, పంచదార కలిపి మరిగించిన చిక్కటి రసమే తారె.

దీన్ని ఇంట్లో చేయబోయేవారికి మూడు సలహాలు ఎదురవుతాయి. బించోతాన్ బొగ్గు లేనిదే ఆ రుచి రాదంటారు. తారె ఎంత పాతదైతే అంత మంచిదంటారు. ఇక మూడోది, కైమాను ఉప్పుతో జిగురొచ్చేదాకా పిసకాలనేది, వంటల పుస్తకాల్లో తరచు అర వాక్యంలో ముగిసిపోతుంది. మాంస విజ్ఞానం, ఆహార భద్రతల వైపు నుంచి చూస్తే మాత్రం ఈ మూడింటి బరువు తారుమారవుతుంది. అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది ఆ అర వాక్యానికే. ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఇక్కడ వాడుకుంటున్న ఫలితాలు ఎక్కువగా సాసేజీలు, చేప ముద్దలు, మామూలు కాల్చిన కోడి మీద వచ్చినవి. త్సుకునెకు అవి ఏ దిశ చూపిస్తాయో నమ్మవచ్చు. వాటి అంకెలను మాత్రం యథాతథంగా దించుకోకూడదు.

ఉప్పు చేసే పని

కండరంలోని ప్రొటీన్లలో సగానికి పైగా కండర తంతువులవి. వాటిలో ప్రధానమైనది మయోసిన్. ఇది మంచినీళ్లలో కరగదు, తగినంత ఉప్పున్న నీళ్లలో కరుగుతుంది. కైమాలో ఉప్పు వేసి పిసికినప్పుడు చేతికి తగిలే జిగురు ఇలా కరిగి బయటికొచ్చిన మయోసినే. వేడి తగిలాక ఇది వలలా అల్లుకుని గట్టిపడుతుంది. మాంసపు తునకలనూ నీళ్లనూ కొవ్వునూ ఆ వలే పట్టి ఉంచుతుంది. ఉప్పు వేయకుండా కలిపిన కైమాలో ఈ వల బలంగా ఏర్పడదు. అందుకే అది కాల్చేటప్పుడు పిగిలిపోతుంది, నీరు వదిలేస్తుంది.

ఎంత ఉప్పు వేయాలి? జపాన్‌లోని చేప ముద్ద కామబోకోలో సాధారణంగా 2 నుంచి 3 శాతం ఉంటుంది. కామబోకో రబ్బరులాంటి సాగుడు ఆ ఉప్పువల్లే వస్తుంది. సాసేజీల్లో ఒకటిన్నర, రెండు శాతం మామూలు. పైన ఉప్పగా ఉండే తారె పూసే త్సుకునెకు అంత వేస్తే నోట పెట్టలేం. మొత్తం మాంసంలో ఒక శాతం, అంటే అర కిలోకు 5 గ్రాములు, సమంజసమైన రాజీ అని నా అంచనా. అలా చేస్తే జిగురు కొంత తక్కువే వస్తుంది. అయితే త్సుకునెకు కామబోకో సాగుడు అక్కర్లేదు గదా, కొరికితే విడిపోయే మెత్తదనం కావాలి.

ఒక చిన్న ఉపాయం ఉంది. 5 గ్రాముల ఉప్పునూ మొదట మూడో వంతు కైమాలోనే వేసి పిసికితే, ఆ భాగంలో దాని మోతాదు 3 శాతం అవుతుంది. అక్కడ మయోసిన్ బాగా కరుగుతుంది. తర్వాత మిగతా రెండు వంతులూ కలిపితే బంధనం మొదటి భాగం నుంచి, వదులుతనం రెండో భాగం నుంచి వస్తాయి. ఇది సాసేజీల శాస్త్రం నుంచి నేను లాగిన తర్కం. అందరి నాలుకలకూ ఒకేలా తేలుతుందని హామీ ఇవ్వలేను.

చల్లదనం ఇందులో సగం పని. సాసేజీలు చేసేవాళ్లు మాంసం వేడెక్కకుండా ఐసు వేస్తూ రుబ్బుతారు. కోడి కొవ్వు మెత్తనిది, పశువుల కొవ్వుకంటే తక్కువ వేడికే కరిగిపోతుంది. పిసికేటప్పుడే కరిగితే అది ప్రొటీన్ వలలో చిక్కకుండా కాల్చేటప్పుడు కారిపోతుంది. మే నెల విజయవాడ వంటింట్లో ఇదేమీ పుస్తకాల జాగ్రత్త కాదు. గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో పెట్టి పిసకాలి, మధ్యలో ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటి మిక్సీలో కైమా కొట్టేవాళ్లు ఆపకుండా తిప్పితే బ్లేడు రాపిడికే మాంసం వేడెక్కుతుంది. ముక్కలను గట్టిపడే వరకు ఫ్రీజర్‌లో ఉంచి, ఆగి ఆగి తిప్పడం మేలు. ముతకగా ఉన్నా నష్టం లేదు, మరీ పేస్టయితేనే నష్టం.

అప్పుడే కోసిన కోడి ప్రశ్న

తెలుగు ఊళ్లలో ఒక ప్రత్యేకత ఉంది. చికెన్ కొట్లో చాలామందికి కళ్లముందే కోసి, ఇంకా వెచ్చగా ఉన్న మాంసం ఇస్తారు. త్సుకునెకు ఇది లాభమా, నష్టమా? రెండు వైపులా వాదన ఉంది.

కోసిన వెంటనే, కండరం బిగుసుకోకముందు, మాంసానికి నీటిని పట్టి ఉంచే శక్తి ఎక్కువ. ఉప్పుకు కరిగే ప్రొటీన్ కూడా ఎక్కువ వస్తుంది. పశుమాంసం, పందిమాంసం సాసేజీల పరిశ్రమ ఈ లక్షణాన్ని ఎప్పటినుంచో వాడుకుంటోంది. ఆ లెక్కన వెచ్చటి కోడి త్సుకునెకు మంచిదే కావాలి. కోడి కండరంలో మాత్రం ఈ దశ చాలా త్వరగా గడిచిపోతుంది. కొట్టు నుంచి ఇంటికొచ్చి, ఎముక తీసి, కైమా కొట్టేసరికే ఆ గడియ దాటిపోయే అవకాశం ఎక్కువ. బిగుసుకుంటున్న దశలో ఎముక నుంచి విడదీసిన మాంసం గట్టిబడుతుందని కోళ్ల పరిశ్రమకు బాగా తెలుసు. కైమా కొడితే ఆ గట్టితనం కొంత విరిగిపోతుందనుకోండి.

రుచి వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. కికునాయె ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచు రసంలో గ్లూటమేట్‌ను గుర్తించి దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో షింతారో కొదామా ఎండబెట్టిన బొనీటో చేపలో ఐనోసినేట్ అనే మరో ఉమామి పదార్థాన్ని గుర్తించాడు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి రెండింటి మొత్తంకంటే ఎంతో ఎక్కువగా తోస్తుందని తర్వాతి పరిశోధనలు నిలబెట్టాయి. సోయా సాస్‌లో గ్లూటమేట్ ఉంది, కోడి మాంసంలో ఐనోసినేట్ ఉంది. తారె పూసిన త్సుకునె అంతగా నచ్చడానికి ఇదొక గట్టి వివరణ. అయితే బతికున్న కండరంలో ఐనోసినేట్ నిల్వ ఉండదు. కోసిన తర్వాత కండరంలోని శక్తి పదార్థం ఏటీపీ విరిగేకొద్దీ కొన్ని గంటల్లో అది పేరుకుంటుంది. కాబట్టి మాంసాన్ని కొన్ని గంటలు చల్లగా ఉంచడం రుచికీ పిసకడానికీ రెండింటికీ పనికొస్తుంది. పొద్దున తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం చేసుకోవడమే నాకు తోచే మధ్యే మార్గం.

ఏ భాగం కొనాలనేదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. తొడ మాంసంలో రొమ్ముకంటే కొవ్వూ కొల్లాజెనూ ఎక్కువ. ఉత్త రొమ్ముతో చేస్తే పొడిబారుతుంది. బోన్‌లెస్ అడిగితే కొట్లో ముందు రొమ్మే చేతికందిస్తారు, లెగ్ పీసులే ఎముక తీసిమ్మని గట్టిగా చెప్పాలి. కొంచెం చర్మం కూడా కైమాలో కలిస్తే మంచిదే. కొన్ని దుకాణాల్లో మెత్తటి ఎముకను సన్నగా తరిగి కలుపుతారు, పంటికింద కరకరలాడటానికి.

ఏం కలపాలి, ఏం కలపకూడదు

జపాన్ ఇళ్లలో పాంకో అనే బ్రెడ్ పొడి, బంగాళదుంప పిండి, గుడ్డు, కొన్నిచోట్ల తురిమిన జిగురు కందదుంప, మరికొన్ని చోట్ల నీరు పిండేసిన టోఫు కలుపుతారు. వీటి పనులు వేరు. బ్రెడ్ పొడి మాంసం వదిలే నీటిని పీల్చి పట్టుకుంటుంది. పిండి 60 డిగ్రీల సెల్సియస్ దాటాక ఉబ్బి జిగురవుతుంది. గుడ్డు తెల్లసొన సుమారు అదే వేడికి గట్టిపడటం మొదలుపెట్టి, ఇంకా పైకి వెళ్లేకొద్దీ బిగుస్తుంది. అర కిలో కైమాకు 25 గ్రాముల బ్రెడ్ పొడి, 10 గ్రాముల పిండి, ఒక తెల్లసొన చాలు. మన ఇళ్లలో కార్న్‌ఫ్లోర్ ఆ పిండికి బదులు పనికొస్తుంది. ఉల్లికాడలు, తురిమిన అల్లం సరే. ఉల్లిపాయ వేసేవాళ్లు సన్నగా తరిగి, ఉప్పు రాసి, నీళ్లు గట్టిగా పిండాలి. ఆ నీరే చాలా ముద్దలను పాడుచేస్తుంది.

ఆంధ్రాలో కైమా ఉండలకు పుట్నాల పొడి కలుపుతాం. దాని పని కూడా నీటిని పీల్చడమే కాబట్టి త్సుకునెలో అదీ నిలుస్తుంది, కాకపోతే శనగ వాసన తారెను కొంత మింగేస్తుంది. హైదరాబాద్ కబాబు అలవాటున్నవాళ్లు మాత్రం ఒక విషయంలో చెయ్యి ఆపుకోవాలి. అక్కడ మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద వేస్తారు. బొప్పాయిలోని పపైన్ ప్రొటీన్లను తెగ్గోస్తుంది, మయోసిన్‌ను కూడా. ఉప్పుతో పిసికి కట్టుకున్న వలను మన చేత్తో మనమే తెంపినట్టవుతుంది. మసాలా మార్చుకోండి, అభ్యంతరం లేదు. బొప్పాయి మాత్రం వద్దు.

74 డిగ్రీలు

కోడి మాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే రెండు బ్యాక్టీరియాలు ప్రధాన ప్రమాదం. జపాన్‌లో ఏటా నమోదయ్యే బ్యాక్టీరియా ఫుడ్ పాయిజనింగ్‌లలో కాంపిలోబాక్టర్‌ది చాలాకాలంగా ముందు వరసే. పచ్చి కోడి, సగం ఉడికిన కోడి తినే అలవాటు అందుకు ముఖ్యమైన దారి. కైమాలో ఇంకో చిక్కుంది. ముక్క మాంసంలో క్రిములు ఎక్కువగా పైభాగాన ఉంటాయి, కైమా కొడితే లోపలికంతా కలిసిపోతాయి. అందువల్ల పైన బాగా కాలిందన్న భరోసా ఇక్కడ చెల్లదు.

జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ సూచన ప్రకారం మాంసం మధ్యభాగం 75 డిగ్రీల్లో కనీసం ఒక నిమిషం ఉండాలి. అమెరికా వ్యవసాయ శాఖ కోడికి చెప్పేది 74 డిగ్రీలు. వేడి తక్కువైనా ఎక్కువసేపు ఉంచితే క్రిములు చస్తాయి. అదే శాఖ ప్రాసెసింగ్ పట్టికల్లో 63 డిగ్రీల దగ్గర కోడికి, కొవ్వు శాతాన్ని బట్టి, సుమారు 8 నుంచి 13 నిమిషాలు కనిపిస్తాయి. కానీ మండే నిప్పు మీద చిన్న ఉండను అన్ని నిమిషాలు 63 దగ్గరే నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. 74 చూసుకోవడమే తేలిక.

దీనివల్ల మాంసం ఎండిపోదా? 66 డిగ్రీలు దాటాక యాక్టిన్ అనే మరో ప్రొటీన్ ముడుచుకుని నీటిని పిండేస్తుంది, నిజమే. అయితే ముందు చెప్పుకున్న పిండి, గుడ్డు, మయోసిన్ వల, అన్నీ ఈ 74 లోపే తమ పని మొదలుపెట్టేస్తాయి. అంటే భద్రతకు కావలసిన వేడీ ముద్ద నిలబడటానికి కావలసిన వేడీ దగ్గరదగ్గరగా ఒకటే. 80 దాటనివ్వకుండా చూసుకుంటే చాలు.

రంగు చూసి తీర్పు చెప్పకూడదు. పొగ తగిలిన కోడి పూర్తిగా ఉడికినా గులాబీ రంగులో ఉండవచ్చు. ముందే తెల్లబడిన మాంసం లోపల ఉడకకపోయి ఉండవచ్చు. సూది థర్మామీటర్ ఒకటి కొనుక్కోవడం మంచిది. దాన్ని పుల్లకు తగలకుండా మాంసం మధ్యకు గుచ్చాలి, పుల్ల ఇనుపదైతే మరీను.

చికెన్‌ను ఉప్పు, పసుపు వేసి రెండు మూడు నీళ్లు కడగడం మనకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. కైమాను కడిగితే పనికొచ్చే ప్రొటీన్ కొట్టుకుపోతుందని వేరే చెప్పక్కర్లేదు. ముక్కల్ని కడగడం మీద అమెరికా వ్యవసాయ శాఖ నార్త్ కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయంతో చేయించి 2019లో వెల్లడించిన పరిశీలన ఒకటుంది. కోడిని కడిగినవారిలో 60 శాతం మంది సింకుల్లో ఆ తర్వాత బ్యాక్టీరియా జాడ కనిపించింది. 26 శాతం మంది ద్వారా అది పక్కనే చేస్తున్న సలాడ్‌కూ చేరింది. ఇంతవరకే చెబితే కడగడమే దోషి అనిపిస్తుంది. కడగనివారిలోనూ 31 శాతం మంది సలాడ్‌కు అంటించారు, చేతులు సరిగ్గా కడుక్కోక. నాకు దీన్నుంచి తోచేది ఇంతే: కడిగినా మానినా, చేతులు, సింకు, చాకు సబ్బుతో శుభ్రం చేసుకోవడమే అసలు పని.

జపాన్ ఇళ్లలో ఉన్న ఒక అలవాటు మన గ్యాస్ పొయ్యిలకు చక్కగా సరిపోతుంది. ఉండలను ముందు మరగబోతున్న నీళ్లలో ఉడికించి, తర్వాత పుల్లకు గుచ్చి, పైపైన కాల్చడం. ఒక్కోటి 30 గ్రాములుండేలా చేస్తే లోపలిదాకా త్వరగా ఉడుకుతుంది. కొంత రుచి నీళ్లలోకి పోతుంది, అవి సూప్‌కు వాడుకోవచ్చు. దీన్ని మోసపు పద్ధతిగా చూసేవాళ్లున్నారు. జారిపోవడం, లోపల పచ్చిగా మిగలడం అనే రెండు పెద్ద కష్టాలూ దీంతో ఒకేసారి తీరుతున్నప్పుడు ఆ బింకం ఎందుకో అర్థం కాదు.

బొగ్గు గొప్ప ఎంత

బించోతాన్ అనేది ఉబామె అనే ఓక్ చెట్టు కలపతో చేసే తెల్ల బొగ్గు. వకయామా ప్రాంతంలోని కిషూ రకం పేరుపొందింది. తనాబె పట్టణపు బొగ్గు వర్తకుడు బిచ్చూయా చోజయెమోన్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చిందంటారు. బట్టీ చివర్లో గాలి వదిలి సుమారు వెయ్యి డిగ్రీల దాకా తీసుకెళ్లి, బయటికి లాగి, తేమ బూడిదతో కప్పి ఆర్పుతారు. ఆవిరయ్యే పదార్థాలు దాదాపు పోతాయి కనుక మండేటప్పుడు మంటా పొగా తక్కువ, వేడి చాలాసేపు నిలకడగా ఉంటుంది.

ఇంతవరకు పేచీ లేదు. దీన్నుంచి వచ్చే దూర పరారుణ కిరణాలు మాంసం లోపలికి చొచ్చుకెళ్లి ఉడికిస్తాయనే ప్రచారం దగ్గరే ఆగాలి. 800 డిగ్రీల్లో ఎర్రగా ఉన్న ఏ వస్తువైనా అత్యధికంగా వెదజల్లేది 2.7 మైక్రోమీటర్ల పరిసరాల్లోని కిరణాలను. భౌతికశాస్త్రంలో వీన్ సూత్రం ఇచ్చే లెక్క ఇది. ఆ తరంగదైర్ఘ్యం దూర పరారుణం కిందికి రాదు. పైగా పరారుణ కిరణాలను తడి మాంసం పైపొరలోనే పీల్చేసుకుంటుంది, లోపలికి వేడి మామూలు వహనం ద్వారానే పాకుతుంది. బొగ్గు గొప్పంతా పైభాగాన్ని వేగంగా ఎర్రబరచడంలోనే ఉంది. 250 డిగ్రీల ఓవెన్ గోడతో పోలిస్తే 800 డిగ్రీల బొగ్గు అంతే వైశాల్యం నుంచి సుమారు 18 రెట్లు వికిరణం పంపుతుంది. మాంసం లోపల ఎండిపోకముందే పైన రంగు తిరగడానికి కారణం ఇదే. సువాసనలో ఎక్కువ భాగం కొవ్వూ తారె నిప్పు మీద పడి లేచే పొగ నుంచి వస్తుంది, బొగ్గు నుంచి కాదు. శుభ్రంగా మండే బొగ్గుకు సొంత వాసన అంతగా ఉండదు మరి.

కనుక మామూలు కట్టె బొగ్గు నింపిన కుంపటి, నివురు పట్టాక వాడితే, చాలావరకు ఆ పని చేసిపెడుతుంది. ఓటీజీలో పైకడ్డీలు ఎర్రగా వెలుగుతున్నప్పుడు పళ్లేన్ని వాటికి దగ్గరగా పెట్టడం తర్వాతి మేలు. జపాన్‌లోనూ ఇళ్లలో చాలామంది పెనం మీదే చేస్తారు. కుంపటి వాడేవాళ్లు అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి పుల్లల కొసలను వాటిపై ఆనిస్తే, మాంసం జాలీకి అంటుకునే బాధ ఉండదు. యాకితోరి పొయ్యి అమరిక కూడా అదే. ఇలా చేసినప్పుడు పుల్ల చివర నిప్పుకు దూరంగా ఉంటుంది కాబట్టి వెదురు పుల్లల్ని గంటలకొద్దీ నానబెట్టే పని కూడా తగ్గుతుంది. చదునైన పుల్లయితే ఉండ తిరగకుండా నిలుస్తుంది. కుంపటి ఆరుబయటే పెట్టాలి. పొగ రాని బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా లేవు.

పాత తారె లెక్క

కొన్ని దుకాణాలు దశాబ్దాలుగా ఒకే కుండలో తారె నింపుకుంటూ వస్తున్నామని చెప్పుకుంటాయి. రోజూ కుండలో మూడో వంతు ఖర్చయి, అంతే కొత్తది పోస్తున్నారనుకుందాం. 30 రోజుల తర్వాత మొదటినాటి తారెలో మిగిలేది పది లక్షల్లో సుమారు 5 వంతులు. కాబట్టి ఆ రుచికి కారణం వయసు కాకపోవచ్చు. రోజూ వందల పుల్లలు అందులో మునిగి కొవ్వునూ కాలిన రుచులనూ వదిలి వెళ్లడమే అయి ఉంటుంది. ఇంట్లో దీన్ని కొంత అనుకరించవచ్చు. నాలుగు కోడి ఎముకల్ని ఎర్రగా కాల్చి తారెలో వేసి మరిగిస్తే సరి. ఉడకని మాంసానికి తగిలిన బ్రష్షును తిరిగి కుండలో ముంచడం మాత్రం అనుకరించకూడదు. చిన్న గిన్నెలోకి విడిగా తీసుకుని పూయాలి, మిగిలింది పారేయాలి.

సోయా సాస్, మిరిన్ చెరి 100 మిల్లీలీటర్లు, సాకే 50, పంచదార రెండు చెంచాలు వేసి సగానికి దగ్గరయ్యేదాకా మరిగిస్తే తారె. మద్యం వద్దనుకునేవాళ్లు మిరిన్, సాకేలకు బదులు నీళ్లూ 60 గ్రాముల పంచదారా వేసుకోవచ్చు. రుచి కొంత మొరటుగా ఉంటుంది, మెరుపు వస్తుంది. జపాన్ మామూలు సోయా సాస్‌లో ఉప్పు సుమారు 16 శాతం. మన బజారులోని డార్క్ సోయాల్లో కారమెల్ రంగూ ఉప్పూ ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి కనుక, సీసా మీది వివరం చదివి, రుచి చూసి, కైమాలో ఉప్పు తగ్గించుకోవాలి.

తారెను మొదటే పూస్తే పంచదార మాడుతుంది. లోపల 70 దాటాక పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. మాడనివ్వకపోవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. 1970ల చివర్లో టోక్యోలోని జాతీయ కేన్సర్ కేంద్రంలో తకాషి సుగిమురా బృందం కాల్చిన చేపల మాడులో జన్యువులను దెబ్బతీసే పదార్థాలున్నాయని చూపింది. హెటెరోసైక్లిక్ ఎమీన్ల పరిశోధన అక్కడినుంచే విస్తరించింది. నానబెట్టే రసాల ప్రభావం సూటిగా లేదు. 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పంచదార, వెనిగర్, నూనె ఉన్న రసంలో ఊరిన కోడిని కాలిస్తే ఒక రకం ఎమీన్ బాగా తగ్గింది, ఎక్కువసేపు కాల్చినప్పుడు మరో రకం పెరిగింది. జంతువుల్లో ఈ పదార్థాల హాని స్పష్టం. మనుషుల్లో, ముఖ్యంగా కోడి మాంసం విషయంలో, ఆధారాలు అంత స్థిరంగా లేవు. 2015లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఎర్ర మాంసం, ప్రాసెస్ చేసిన మాంసాల మీద తీర్పు చెప్పినప్పుడు కోడి దాని పరిధిలో లేదు. ముందే ఉడికించిన ఉండను నిప్పు మీద తక్కువసేపు ఉంచడం, నల్లబడ్డ చోట గీకేయడం ఖర్చులేని జాగ్రత్తలు.

వడ్డనలో ఒక తేడా మిగిలింది. జపాన్‌లో త్సుకునెను పచ్చి గుడ్డు సొనలో ముంచుకు తింటారు. పచ్చిగా తినే ఉద్దేశంతోనే అక్కడ గుడ్లను శుభ్రం చేసి, పరీక్షించి, తేదీ వేసి అమ్ముతారు. మన కిరాణా కొట్టు బయట ఎండలో ఉన్న అట్ట ట్రే గుడ్డుకు ఆ భరోసా లేదు. ఇక్కడ సొన మానేసి, పూసిన తారె పైన కాస్త మిరియాల పొడీ నిమ్మరసమూ చల్లుకుంటే త్సుకునెకు వచ్చే లోటేమీ లేదు.